నాలుగు డిగ్రీల దగ్గర శిఖరం: అయానిక ద్రవాల ప్రాజెక్టు డైరీ

జూన్ ఆఖరి వారం

ఎమ్మెస్సీ ఫైనలియర్ పిల్లలిద్దరికి ఈసారి ప్రాజెక్టుగా అయానిక ద్రవాలు ఇచ్చాను. సిలబస్‌లో ఇది ఒక్క పేరా. 100 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగే లవణాలు, ఆవిరి కావడం దాదాపు ఉండదు, ద్రావణులుగా పనికొస్తాయి, అక్కడితో సరి. అది చదివిన పిల్లల మనసులో ధనాయాన్లు, రుణాయాన్లు కలగాపులగంగా తిరిగే ద్రవం బొమ్మ ఒకటి మిగిలిపోతుంది. ఆ బొమ్మను మార్చాలని నాకు చాలాకాలంగా ఉంది. ధనాయానుకు ఉన్న కార్బన్ గొలుసు కాస్త పొడవైతే చాలు, ఆవేశం ఉన్న భాగాలు తమలో తాము, నూనె స్వభావం ఉన్న గొలుసులు తమలో తాము జట్టు కడతాయి. ద్రవం లోపల ఒకటి రెండు నానోమీటర్ల కొలతలో రెండు రకాల ప్రాంతాలు ఏర్పడతాయి. పైకి చూస్తే సీసాలో ఉన్నది తేటగా, రంగు లేకుండా, ఒకే ద్రవం.

ఈ నిర్మాణాన్ని పెద్ద సంస్థల్లో న్యూట్రాన్లతో, సింక్రోట్రాన్ ఎక్స్-రేలతో చూస్తారు. విశాఖలో ఒక మామూలు కాలేజీ ల్యాబు నుంచి ఎంతవరకు చూడగలం అన్నది మా ప్రశ్న. ఎక్కడ చూడాలో తెలిస్తే మామూలు పరికరంతో కూడా కనిపిస్తుందని నా నమ్మకం. దాన్ని తేల్చుకోవడానికే ఈ ఏడాది.

ఎంచుకున్న కుటుంబం 1-ఆల్కైల్-3-మిథైల్ ఇమిడజోలియం బిస్‌ట్రైఫ్లైమైడ్. ఇమిడజోలియం ధనాయాను, బిస్‌ట్రైఫ్లైమైడ్ రుణాయాను. రుణాయాను మార్చకుండా గొలుసు పొడవు మాత్రం మారుస్తాం: రెండు కార్బన్లు (ఇథైల్), నాలుగు (బ్యూటైల్), ఆరు (హెక్సైల్), ఎనిమిది (ఆక్టైల్). రుణాయానుగా హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ చవక కదా మేడమ్ అని పిల్లలు అడిగారు. అది నీటితో చర్య జరిపి హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఇచ్చే అవకాశం ఉంది. సముద్రం పక్కన, వానాకాలంలో, పిల్లల చేతికి దాన్ని ఇవ్వను.

జూలై

మొదట ఆక్టైల్‌ది మొదలుపెట్టాం. 1-మిథైల్ ఇమిడజోల్‌ను స్వేదనం చేసి, నైట్రోజన్ కింద 1-బ్రోమోఆక్టేన్‌ను చుక్క చుక్కగా కలపాలి. ఈ చర్యలో వేడి పుడుతుంది. తొందరపడి పోస్తే ఉష్ణోగ్రత చెయ్యి దాటుతుంది, ద్రవం పసుపెక్కుతుంది. ఆ పసుపు కంటికి పెద్దగా అనిపించకపోయినా తర్వాత ఫ్లోరెసెన్స్ (కాంతిని పీల్చుకుని తిరిగి వెలువరించడం) కొలిచేటప్పుడు అడ్డం వస్తుంది. 70 డిగ్రీల దగ్గర రాత్రంతా కలియబెట్టాక ఫ్లాస్కు వంచితే మెల్లగా జారే చిక్కటి ద్రవం మిగిలింది. ఇథైల్ అసిటేట్‌తో కడిగి, మిగిలిపోయిన ముడిపదార్థాలు తీసేశాం.

తర్వాతి మెట్టు నాకు ఎన్నిసార్లు చూసినా ఇష్టమే. బ్రోమైడ్‌ను నీటిలో కరిగించి, అందులో లిథియం బిస్‌ట్రైఫ్లైమైడ్ ద్రావణం పోస్తే, పోసిన చోటే నీళ్లు తెల్లగా మసకబారతాయి. సెపరేటింగ్ ఫన్నెల్‌ను స్టాండుకు పెట్టి వదిలేస్తే మసక విడిపోయి, తేటగా ఉన్న బరువైన పొర అడుగుకు దిగుతుంది. దాని సాంద్రత 1.32 వరకు ఉంటుంది. ఆర్గానిక్ పొర పైనే ఉంటుందన్న అలవాటుతో వచ్చిన చేతులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. మనకు కావలసింది కింద ఉంది, పారబోయాల్సింది పైన ఉంది.

ఇక కడగడం. కడిగిన నీళ్లు కాస్త టెస్ట్‌ట్యూబులోకి తీసి సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే లేత పసుపు అవక్షేపం వస్తుంది. అంటే బ్రోమైడ్ ఇంకా ఉంది. మళ్లీ కడుగు, మళ్లీ చుక్క. ట్యూబు తేటగా నిలిచేదాకా ఇదే పని. శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మాయి ఓపికగా కడుగుతూ, "ఇంకెంతవరకు మేడమ్?" అని అడిగింది. చుక్క వేసినా ఏమీ జరగనంత వరకు అన్నాను. మిగిలిపోయిన క్లోరైడ్ స్నిగ్ధతను (ద్రవం చిక్కదనాన్ని) ఎలా పెంచుతుందో, నీరు ఎలా తగ్గిస్తుందో 2000లో సెడన్, స్టార్క్, టోరెస్ వివరంగా చూపించారు. వాళ్లకన్నా ముందు ప్రచురితమైన కొలతల్లో చాలావాటిని ఆ కోణంలో మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. బ్రోమైడ్ విషయంలోనూ అదే జాగ్రత్త పాటిస్తున్నాం.

మిగతా మూడు నమూనాలూ ఇదే దారిలో తయారయ్యాయి. ప్రత్యేకంగా రాయాల్సిందేమీ లేదు.

ఆగస్టు

నెలంతా తేమతోనే సరిపోయింది.

విశాఖ గాలి గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కిటికీ తీస్తే బీచ్ రోడ్డు వైపు నుంచి వచ్చే గాలికి బ్యాలెన్స్ పళ్లెం మీద పెట్టిన ఉప్పు చెమ్మగిల్లుతుంది. బిస్‌ట్రైఫ్లైమైడ్ లవణాలు నీటిలో కలవవు, కానీ గాలిలోని నీటిని మాత్రం పీల్చుకుంటాయి. నీళ్లలో కలవనిది నీళ్లను లాక్కోవడమేమిటని అనకాపల్లి అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. రెండు పొరలుగా విడిపోయినా ప్రతి పొరలో అవతలిది కొంత కరిగే ఉంటుంది. ఈ ద్రవం తనలో బరువుకు ఒక శాతం దరిదాపుల్లో నీటిని ఇముడ్చుకోగలదు.

ఒక శాతమే కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే కథ మారుతుంది. ఆక్టైల్ లవణంలో అయాన్ల జంట అణుభారం 475 దాటుతుంది. నీటి అణుభారం 18. 100 గ్రాముల్లో ఒక గ్రాము నీరు ఉందంటే, సుమారు నాలుగు జంటలకు ఒక నీటి అణువు ఉన్నట్టు. రెండు నానోమీటర్ల కొలతలో నిర్మాణం వెతుకుతున్నవాళ్లకు ఇది చిన్న సంఖ్య కాదు. ఆ నీరు పోయి కూర్చునేది ఆవేశం ఉన్న ప్రాంతంలోనే, రుణాయాన్ల పక్కన. నూనె వైపు తొంగి కూడా చూడదు. అందుకే నీరు చేరితే ధ్రువ ప్రాంతపు అమరిక సడలుతుంది, ద్రవం పలచనవుతుంది, మనం కొలిచే ప్రతి సంఖ్యా జరుగుతుంది.

నమూనాలను వాక్యూమ్ పంపు కింద 70 డిగ్రీల దగ్గర రాత్రంతా కలియబెట్టి, కార్ల్ ఫిషర్ టైట్రేషన్‌తో నీటిని కొలిచి, మూతకు పారాఫిల్మ్ చుట్టి డెసికేటర్‌లో పెడుతున్నాం. ప్రతి కొలత ముందూ వెనకా కార్ల్ ఫిషర్ తప్పనిసరి అని గోడ మీద రాసి అంటించాను. కొలత సంఖ్య పక్కన నీటి సంఖ్య లేకపోతే ఆ పేజీ మీద నేను సంతకం పెట్టను.

ఆరబెట్టిన నమూనాల స్నిగ్ధత చూశాం. 25 డిగ్రీల దగ్గర నీటితో పోలిస్తే ఇథైల్‌ది ముప్పై నలభై రెట్లు, ఆక్టైల్‌ది నూరు రెట్ల స్థాయి. గొలుసు పెరిగేకొద్దీ ద్రవం బిగుసుకుంటోంది. ఇది ప్రచురితమైన విలువలకు దగ్గరగానే ఉంది కాబట్టి నమూనాల మీద నమ్మకం కుదిరింది.

సెప్టెంబరు

కంప్యూటర్ వంతు. ఒక గ్రాఫిక్స్ కార్డున్న డెస్క్‌టాప్, అణువుల కదలికలను లెక్కగట్టే గ్రోమాక్స్ ప్రోగ్రామ్, బోలెడంత ఓపిక.

అసలు ఈ నిర్మాణం మొదట స్పష్టంగా కనిపించింది కంప్యూటర్లలోనే. 2004 నుంచి 2006 మధ్య ఉరహాటా-రిబేరో, వాంగ్-వోత్, కనోంజియా లోపెస్-పాడువా జంటలు అణు గతిక లెక్కలతో గొలుసులు గుమికూడడాన్ని చూపించాయి. చివరి జంట ధ్రువ (ఆవేశం ఉన్న) భాగాలకు ఎరుపు, అధ్రువ (నూనె స్వభావం ఉన్న) భాగాలకు ఆకుపచ్చ వేసి ప్రచురించిన బొమ్మలు ఈ రంగంలో అందరికీ పరిచయమే. మేమూ ఆ రంగులే వాడుతున్నాం, అయాన్ల మధ్య బలాలను లెక్కగట్టడానికి వాళ్లు రూపొందించిన సూత్రాలే (ఫోర్స్ ఫీల్డ్) వాడుతున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది కంప్యూటర్లో అయాన్లను ఉంచే ఊహా పెట్టె పరిమాణం. 200 అయాన్ల జంటలు తీసుకుంటే పెట్టె భుజం ఐదు నానోమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. మనం వెతికే నిర్మాణం రెండు నానోమీటర్లకు ఒకసారి పునరావృతమవుతుంది కాబట్టి అలాంటి పెట్టెలో రెండు అలలు పట్టి ఇంకాస్త మిగులుతుంది. పెట్టె గోడలే నిర్మాణాన్ని శాసిస్తాయి. 1000 జంటలైతే భుజం 8.4 నానోమీటర్లు, నాలుగు అలలు పడతాయి. అణువుల్లోని పరమాణువులన్నీ కలిపి 52 వేలు. మా కార్డుకు భారమే అయినా ఇంతకు తగ్గితే చేయడంలో అర్థం లేదని నిర్ణయించుకున్నాం.

రెండోది సమయం. ఈ ద్రవంలో అయాన్లు నీటి అణువులకన్నా వందకు పైగా రెట్లు నెమ్మదిగా కదులుతాయి. గది ఉష్ణోగ్రతలో 100 నానోసెకన్లు నడిపినా ఒక అయాను సగటున రెండు మూడు నానోమీటర్లు జరుగుతుంది, అంతే. అంటే తన ప్రాంతాన్ని అప్పుడే దాటుతోందన్నమాట. మొదట్లో పెట్టెలో అయాన్లను ఎలా పడేస్తే ఆ అమరిక జ్ఞాపకం చాలాసేపు పోదు. అందుకని 500 కెల్విన్ల దాకా వేడి చేసి, అక్కడ బాగా కలవనిచ్చి, మెట్లు మెట్లుగా 298కి దించాం. వేర్వేరు ప్రారంభ అమరికల నుంచి ఇదే పని చేసి, ఫలితాలు కలిసినప్పుడే ముందుకు వెళ్లాం.

కరెంటు గురించి కూడా రాయాలి. సాయంత్రం ఉరుములొస్తే సరఫరా పోతుంది. యూపీఎస్ పావుగంట నిలబడుతుంది. గ్రోమాక్స్ మామూలుగా పావుగంటకోసారి చెక్‌పాయింట్ రాస్తుంది కాబట్టి పెద్దగా నష్టపోయేది ఏమీ లేదు, ఆగిన చోటి నుంచి మళ్లీ నడుస్తుంది. అయినా పిల్లలు వాన చినుకు పడితే చాలు టెన్షన్‌తో ల్యాబుకు ఫోన్లు చేస్తున్నారు.

బొమ్మ వచ్చింది. ఇథైల్ లవణంలో ఎరుపంతా ఒకటే వల, మధ్య మధ్య ఆకుపచ్చ చిన్న చిన్న దీవులు. బ్యూటైల్‌లో దీవులు ఒకదాన్నొకటి అందుకోవడం మొదలుపెట్టాయి. ఆక్టైల్‌లో ఆకుపచ్చ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెగకుండా పాకింది, అయినా ఎరుపు వల ఎక్కడా తెగలేదు. స్పాంజిలో గుజ్జూ, దాని కన్నాల్లో నీళ్లూ రెండూ తెగకుండా ఉన్నట్టు, ఇక్కడ రెండు ప్రాంతాలూ ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉన్నాయి. కంటితో చూసి ఊరుకోకుండా, దగ్గరగా ఉన్న పరమాణువులను కలుపుకుంటూ పోయే క్లస్టర్ లెక్క కూడా చేయించాను. ఎరుపుకు ఒకే క్లస్టర్, ఆకుపచ్చకూ ఒకే క్లస్టర్. దీన్ని మిసెల్ (సబ్బు నీళ్లలో ఏర్పడేలాంటి అణువుల ముద్ద) అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా అభిప్రాయంలో అది తప్పుదారి పట్టించే మాట. మిసెల్‌కు లోపలా బయటా ఉంటాయి, అంచు ఉంటుంది. ఇక్కడ అంచే లేదు.

అక్టోబరు

హుద్‌హుద్ చూసిన ఊరికి అక్టోబరు అంటే ఎప్పుడూ ఒక కన్ను వాతావరణ వార్తల మీదే ఉంటుంది. ఈసారి పరికరం స్లాటు దొరికిన రోజున ఆకాశం తేటగా ఉండడం మా అదృష్టం.

న్యూట్రాన్లు మనకు లేవు. కానీ ఎక్స్-రేలు నమూనాకు తగిలి ఏ కోణంలో ఎంత చెదురుతాయో కొలిచే పౌడర్ ఎక్స్-రే డిఫ్రాక్టోమీటర్ మనకు అందుబాటులోనే ఉంది. రాగి యానోడు, 1.54 ఆంగ్‌స్ట్రాంల తరంగదైర్ఘ్యం. ఆక్టైల్ లవణంలో 21 ఆంగ్‌స్ట్రాంల దూరం పునరావృతమవుతుంటే, దాని శిఖరం టూ-థీటా (కిరణం పక్కకు మళ్లే కోణం) 4.2 డిగ్రీల దగ్గర పడాలి. ధనాయాన్లు, రుణాయాన్లు ఒకదాని పక్కన ఒకటి రావడం వల్ల వచ్చే శిఖరం 12 డిగ్రీల ప్రాంతంలో, పక్కపక్క పరమాణు సమూహాలు ఆనుకోవడం వల్ల వచ్చేది 20 దగ్గర. ఇవన్నీ స్లాటుకు ముందే పిల్లల చేత లెక్క వేయించాను.

పరికరం నడిపే ఆయన చాలా అనుభవం ఉన్న మనిషి. మా కాగితం చూసి, "మేడమ్ గారూ, పదికి కింద ఎవరూ అడగరండీ. పది నుంచి ఎనభై పెట్టేస్తాను" అన్నారు. మాకు కావలసిందే ఆ పదికి కింద ఉంది సార్, రెండు నుంచి మొదలుపెట్టండి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, స్లిట్ సన్నం చేయాలి, లేకపోతే సూటిగా వచ్చే కిరణమే డిటెక్టర్‌ను ముంచేస్తుందన్నారు. నిజమే. అంత చిన్న కోణంలో కిరణం నమూనా మీద చాలా దూరం పరచుకుంటుంది, గిన్నె అంచులు దాటి పోతుంది కూడా. ఉన్నవాటిలో అన్నిటికన్నా సన్నని స్లిట్ పెట్టి, ఒక్కో అడుగుకు కొలిచే సమయం పెంచారు. పరికరంలో నమూనా కదలకుండా ట్యూబు, డిటెక్టర్ రెండూ తిరుగుతాయి కాబట్టి ద్రవం ఒలికిపోయే బాధ లేదు.

గాలి తేమ తగలకుండా నమూనా మీద కాప్టాన్ అనే పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్ కప్పాలి. అయితే కాప్టాన్‌కే 5, 6 డిగ్రీల దగ్గర సొంత శిఖరం ఒకటి ఉంది. అందుకని ముందు ఖాళీ గిన్నె మీద ఫిల్మ్ కప్పి ఒక స్కాన్ తీశాం. ఊహించిన చోటే గుబ్బ వచ్చింది. దాన్ని నమూనా స్కాన్ నుంచి తీసేశాం. హెక్సైల్ లవణం విషయంలో ఆ తీసివేత కూడా చాలదు, ఎందుకంటే దాని శిఖరం పడేది సరిగ్గా ఆ పక్కనే. దానికి ఫిల్మ్ లేకుండా, పొడి నైట్రోజన్ ప్రవాహంలో స్కాన్ తీసి, అయిపోగానే కార్ల్ ఫిషర్ చేశాం. కాస్త నీరు చేరింది, ఆ సంఖ్య స్కాన్ పక్కనే రాసి ఉంది.

ఇప్పుడు ఫలితాలు. ఇథైల్‌లో 12, 20 దగ్గర రెండే గుబ్బలు, 10కి కింద ఖాళీ. బ్యూటైల్‌లో కింద ఏదో ఉన్నట్టు ఒక వాలు, శిఖరం అనలేం. హెక్సైల్‌లో 5 డిగ్రీలు దాటాక చిన్న శిఖరం. ఆక్టైల్‌లో 4 దాటగానే స్పష్టంగా లేచింది. స్క్రీన్ మీద ఒక్కో చుక్క పైకి జరుగుతుంటే పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆపరేటర్ గారు కుర్చీ ముందుకు లాక్కుని, "ఇది ద్రవమేనా మేడమ్, లోపల స్ఫటికమేమైనా ఉందా?" అని అడిగారు. స్ఫటికమైతే సూదిలాంటి రేఖ రావాలి, ఇది వెడల్పుగా ఉంది, అంటే క్రమం రెండు మూడు వరసల్లోనే చెదిరిపోతోందని చెప్పాను. ఆ వెడల్పే ఇది ద్రవమనడానికి సాక్ష్యం.

ఇలాంటి శిఖరాన్ని ఇమిడజోలియం ద్రవాల్లో 2007లో త్రియోలో బృందం ఎక్స్-రేలతో చూపించింది. గొలుసు పెరిగేకొద్దీ అది చిన్న కోణాలకు జరుగుతుందనీ, దూరం కార్బన్ల సంఖ్యతో సరళరేఖలో పెరుగుతుందనీ తేల్చింది. మా రెండు బిందువుల (హెక్సైల్, ఆక్టైల్) మధ్య కూడా ఒక్కో కార్బన్‌కు దూరం సుమారు 2 ఆంగ్‌స్ట్రాంలు పెరిగింది. పూర్తిగా చాచిన గొలుసులో ఒక్కో కార్బన్ చేర్చే పొడవు 1.27. ఎదురెదురు గొలుసులు కొసలు తాకించుకుని నిలబడితే పెరుగుదల దానికి రెట్టింపు, 2.5 ఉండాలి. పూర్తిగా ఒకదాని మధ్యకు ఒకటి చొచ్చుకుపోతే 1.27 దగ్గరే ఆగాలి. మనకు మధ్యలో వచ్చింది. గొలుసులు కొంత వంగి, కొంత చొచ్చుకుని ఉన్నాయని దాని అర్థం. రెండు బిందువులతో గీత గీసి గట్టిగా మాట్లాడకూడదు, అందుకే పది కార్బన్ల డెకైల్ లవణం కూడా చేయాలని నిర్ణయించాం.

నవంబరు

శిఖరం కనిపించినంత మాత్రాన గుంపులు ఉన్నాయని రుజువైపోదు. 2010లో హార్డేకర్ బృందం న్యూట్రాన్ కొలతలు చేసి, ధనాయాను ఆకారమే ఒకవైపు తల, ఒకవైపు తోకలా ఉండడం వల్ల చుట్టూ అమరిక ఏకరీతిగా ఉండదనీ, శిఖరానికి అది చాలనీ వాదించింది. ఈ అభ్యంతరాన్ని పిల్లల చేత సెమినార్‌లో చెప్పించాను. తాము ఇష్టపడిన బొమ్మకు ఎదురు వాదన తమ నోటితోనే చెప్పడం వాళ్లకు అవసరం.

దీనికి జవాబు వెతికే దారి తర్వాతి ఏళ్లలో మార్గులిస్ బృందం చూపింది. అందులో హేమంత్ కశ్యప్ కూడా ఉన్నారు. మొత్తం స్ట్రక్చర్ ఫ్యాక్టర్‌ను (పరమాణువుల అమరికను బట్టి ఎక్స్-రేలు ఎలా చెదురుతాయో చెప్పే లెక్కను) ధ్రువ-ధ్రువ, అధ్రువ-అధ్రువ, ధ్రువ-అధ్రువ ముక్కలుగా విడదీయాలి. నిజంగా రెండు ప్రాంతాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే, మొదటి రెండు ముక్కల్లో శిఖరం ఎక్కడ లేస్తుందో సరిగ్గా అక్కడే మూడో ముక్కలో లోయ పడాలి. మా సెప్టెంబరు పెట్టె మీద ట్రావిస్ ప్రోగ్రామ్‌తో ఈ లెక్క నడిపాం. ఆక్టైల్‌లో రెండు శిఖరాలూ, లోయా ఒకే చోట వచ్చాయి. ఆ చోటు డిఫ్రాక్టోమీటర్ చూపిన 4.2 డిగ్రీలకు దగ్గర్లోనే ఉంది. ఇథైల్‌లో లోయ లేదు. ఈ ప్రాజెక్టులో నన్ను పూర్తిగా ఒప్పించిన ఫలితం ఇదే. బొమ్మలోని రంగులు మనం వేసినవి, లోయ మాత్రం మనం వేసింది కాదు.

ఒక పక్క విషయం. రెండు కార్బన్ల గొలుసుతో నిర్మాణం రాదని ఇథైల్ ఇమిడజోలియం చూసి తీర్మానించకూడదు. 1914లో వాల్డెన్ వివరించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్, 12 డిగ్రీలకే కరిగే లవణం, రెండు కార్బన్లతోనే స్పాంజి నిర్మాణం కడుతుందని 2008లో ఆట్కిన్, వార్ న్యూట్రాన్లతో చూపించారు. అక్కడ ధ్రువ తల చిన్నది, హైడ్రోజన్ బంధాల వల గట్టిది, గొలుసును బయటికి నెట్టే బలం ఎక్కువ. గొలుసు పొడవు ఒక్కటే చూస్తే సరిపోదు, తల ఎలాంటిదో కూడా చూడాలి. ఆ లవణం నైట్రేట్ కాబట్టి మా ల్యాబులో దాన్ని చేయబోవడం లేదు.

ఇక మిగిలింది, ఈ ద్రవంలో కరిగిన అణువు ఏం చూస్తుందన్నది. ఈ విషయంలో పక్క రాష్ట్రంలోనే పెద్ద పని జరిగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనునయ్ సామంత బృందం 2004లో, 2-అమినో-7-నైట్రోఫ్లోరీన్‌ను అయానిక ద్రవాల్లో కరిగించి, ఉత్తేజపరిచే కాంతి రంగు మారిస్తే అది వెలువరించే కాంతి రంగు కూడా మారుతుందని చూపించింది. మామూలు పలుచని ద్రావణిలో అలా జరగదు. ఒక్కో అణువు చుట్టూ పరిసరం ఒక్కోలా ఉండి, అది సర్దుకునే లోపే అణువు వెలుగు వదిలేస్తేనే ఇది సాధ్యం. ఈ అణువు ఆయుష్షు చాలా తక్కువ కాబట్టి సరిపోతుంది. రెండేళ్ల తర్వాత హూ, మార్గులిస్ లెక్కలతో దీనికి వివరణ ఇచ్చారు. మా స్పెక్ట్రోఫ్లోరీమీటర్ దీనికి చాలు. అయితే ఇమిడజోలియం ద్రవాలు తమంతట తామే కొంత వెలుగుతాయని అదే హైదరాబాద్ బృందం తర్వాత చూపించింది కాబట్టి, రంగు కలపని ద్రవం స్కాన్ ముందు తీసి పెట్టుకోవాలి.

ప్రోబ్‌గా వాడే ఆ అణువుకు ఆర్డరు పెట్టాం. అది వచ్చేలోపు డెకైల్ లవణం కడగడం పూర్తవ్వాలి. అబ్బాయి ఈసారి నీళ్లు కలిపిన పెట్టె కూడా నడుపుతానంటున్నాడు, నాలుగు జంటలకు ఒక నీటి అణువు చొప్పున, మా వానాకాలపు గాలి లెక్కకు సరిపోయేలా. 1000 జంటలకు 250 నీటి అణువులు. ఇన్‌పుట్ ఫైలు రాసి చూపించాడు, బాగుంది, శుక్రవారం కార్డు ఖాళీ అవగానే మొదలుపెట్టమన్నాను.